గురువారం కూటంలో రాని పేరు

మా అత్త పోయిన కబురు నాకు బడిలో అందింది. పిల్లల చేత ఎక్కాలు చదివిస్తున్నాను. పక్కింటి చిన్నమ్మ నా చంటిబిడ్డను చంకన వేసుకొని వచ్చి అరుగు కింద నిలబడింది. నేను బడిలో ఉన్నంతసేపూ మంచాన ఉన్న అత్తనూ, నా బిడ్డనూ కనిపెట్టుకొని ఉండేది ఆమే. అత్తను వదిలి ఆమె బడి దాకా వచ్చిందంటేనే నాకు సంగతి తెలిసిపోయింది.

"జావ తాపుదామని లేపితే లేవలా అమ్మాయ్. పోయింది" అన్నది.

పిల్లలు ఇంకా ఎక్కం అరుస్తూనే ఉన్నారు. నేను బల్ల పట్టుకొని నిలబడ్డాను. ఏడుపు రాలేదు. ఎక్కడన్నా కాసేపు కూర్చుంటే బాగుండుననిపించింది, అంతే.

ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చున్నా ఆ అలసట పోలేదు. చదివేవారు మన్నించాలి. గొప్పగా రాసే ఓపిక నాకు లేదు. రాద్దామన్నా ఆమె అంత గొప్ప మనిషీ కాదు. గురజాల దాపున ఒక పల్లెలో, క్రైస్తవుల పాలెంలో కాపురముండి, మిరప చేలల్లో, పత్తి చేలల్లో కూలికి వంగీ వంగీ అలాగే నడుము వంగిపోయిన మనిషి. అలాంటివాళ్ళు మన పల్నాట్లో ఏ ఊరికి వెళ్ళినా కనిపిస్తారు. కాని నేను కాపురం చేసింది ఈమెతో కాబట్టి ఈమె గురించే రాస్తున్నాను.

ఆమెకు ఒక్కడే కొడుకు. ఆయన మాచర్ల రైలు దారిలో పట్టాలు సరిచేసే గ్యాంగు పని చేస్తాడు. వారానికి ఒక పూట ఇంటికి వస్తే గొప్ప. నేను మిషను బడిలో పంతులమ్మను. అందువల్ల ఇల్లంటే నేనూ అత్తా, తరువాత పుట్టిన బిడ్డా. కాపురానికి వచ్చిన కొత్తల్లో ఆమెకు నా చదువంటే కొంచెం భయం, కొంచెం వేళాకోళం. "ఓ పంతులమ్మా, సంగటి ఉడికిందో లేదో పుస్తకంలో చూసి చెప్పు" అనేది. నేను కోపంగా గిన్నె దించితే నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వేది. పళ్ళు అప్పటికే సగం ఊడిపోయాయి.

ఆమె అలవాట్లు కొన్ని నాకు మొదట్లో విసుగు పుట్టించేవి. జొన్నల్లో ఏరిన రాళ్ళు వాకిట్లో పారేసేది కాదు. గుప్పిట్లో పట్టుకొని, ఆ వంగిన నడుముతో కంచె దాకా నడిచి వెళ్ళి అవతల పోసి వచ్చేది. "అక్కడ పోస్తే ఏమత్తా, మన పల్నాట్లో రాళ్ళకు కరువా?" అంటే, "ఉన్నయ్యి చాలవా, మనం గూడా పొయ్యాల్నా?" అనేది. ఇలాంటివి ఒకటి రెండు చూపి ఆమె మంచితనం ఇంతని చెప్పబోవడం లేదు. కోపిష్టి మనిషి. కూర నచ్చకపోతే పళ్ళెం అవతలికి నెట్టేది. నాకు ఆడపిల్ల పుట్టినప్పుడు ఒక పూటంతా మాట్లాడలేదు. ఆ మర్నాటి నుంచి మాత్రం ఆ పిల్లను నేల మీద పడుకోబెట్టనిచ్చేది కాదు.

ఇప్పుడు గురువారం కూటం సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే ఆమె ఎవరో మీకు తెలియదు.

మా పాలెంలో గురువారం సాయంత్రం ఆడవాళ్ళ ప్రార్థన కూటం జరుగుతుంది. యుద్ధం రోజుల్లో కిరసనాయిలు కంట్రోలు కాబట్టి పొద్దు ఉండగానే ముగించేవాళ్ళం. అందరం చాపల మీద కూర్చుంటాం. మిషను తరఫున వాక్యం చెప్పే బైబిలు స్త్రీ ఒక అధ్యాయం చదువుతుంది. తరువాత ఒక్కొక్కరే కళ్ళు మూసుకొని ఆ వారం దేవుడు చేసిన మేళ్ళకు స్తోత్రం చెల్లించాలి. మిగతావాళ్ళందరం ఒకే తీరున చెప్పేవాళ్ళం. కాపాడినందుకు స్తోత్రం, పోషించినందుకు స్తోత్రం. మా అత్త వంతు వచ్చిందంటే మాత్రం అందరూ చెవులు నిక్కించేవాళ్ళు.

"ప్రభువా, మంగళారం పొద్దున మా పొయ్యిలో నిప్పు ఆరిపోయింది. పిడక పట్టుకొని చిన్నమ్మ కాడికి పోతే, ఆమె పెద్ద నిప్పు కణిక ఏరి పెట్టింది. చిన్నది పెట్టినా నేనేం అననుగా. పెద్దదే పెట్టింది. అందుకు స్తోత్రం."

అగ్గిపెట్టె దొరకడం గగనమైన రోజులవి. నిప్పు ఇంటింటికీ తిరిగేది. పక్కనే కూర్చున్న చిన్నమ్మ తల వంచుకొని చాప పుల్లలు గిల్లుకుంటూ ఉండిపోయింది. ఆమె మొహం మీద సంతోషం దాచుకుందామన్నా దాగలేదు.

ఇద్దరు ఆడవాళ్ళు ఒక కోడి గురించి పోట్లాడుకొని ఎన్నాళ్ళుగానో మాటలు మానేశారు. అత్తకు చలిజ్వరం వచ్చి తగ్గిన వారం, కూటంలో ఆ ఇద్దరూ ఉండగానే మొదలుపెట్టింది. "ప్రభువా, నేను పడుకోనుంటే ఒకామె మిరియాల కషాయం కాచుకొచ్చింది, ఇంకొకామె వాకిలి ఊడ్చి పోయింది. ఇద్దరూ ఒకేసారి వచ్చారు. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఒకామె గోడకు తిరిగి, ఒకామె తలుపుకు తిరిగి నిలబడ్డారు. నువ్వూ చూసే ఉంటావు. జొరంలో గూడా నాకు నవ్వొచ్చింది ప్రభువా." ప్రార్థనలో నవ్వకూడదని అందరం పెదవులు బిగబట్టాం. చివరికి ముందు నవ్వింది ఆ ఇద్దరిలో ఒకామే.

ఒకసారి అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, మా ఇంటికి వచ్చి కొంచెం గట్టిగానే చెప్పారు. "స్తోత్రం దేవునికి చెల్లించాలమ్మా. నువ్వు మనుషులకు చెల్లిస్తున్నావు."

అత్త ఆయనకు మజ్జిగ ఇచ్చి, తాను కింద కూర్చొని, నింపాదిగా అన్నది. "దేవుడికి తెలీదా అయ్యగారూ? ఆయన చూస్తానే ఉండె. తెలియంది పక్కింటోళ్ళకు. నిప్పు పెట్టినామె, నేను కణిక సైజు చూశానని అనుకోదు గదా. ఎదురుగా బోయి 'మేలు చేశావు తల్లీ' అంటే, 'ఏంది, నన్ను పరాయిదాన్ని చేస్తన్నావా' అని అలుగుద్ది. అందుకని ఆయనకు చెప్తన్నట్టు చెప్తా. ఆమె పక్కన కూచోని వింటది. ఆయనేమీ అనుకోడు."

నిజమే. మన పల్లెల్లో సాయం చేసినవాళ్ళ ముందు నిలబడి ఆ మాట అనలేం. నోరు రాదు. ఆమె దానికి ఒక దారి వెతుక్కుంది. అయ్యగారు మజ్జిగ తాగి, "సరే, కానీయమ్మా" అని లేచారు.

అయితే ఆమె ఎవరికి పడితే వాళ్ళకు స్తోత్రం చెప్పే మనిషి అనుకోకండి. ఊరి మంచినీళ్ళ బావి మేము ముట్టుకొనే వీల్లేదు. కడవలు దూరంగా పెట్టుకొని నిలబడితే, ఊళ్ళోవాళ్ళు ఎవరన్నా దయతలచి తోడి పోస్తే పోసినట్టు, లేకపోతే ఎండలో నిలబడినట్టు. ఒక గురువారం ఒక కొత్త కోడలు, నీళ్ళు పోసిన ఊరివాళ్ళ కోసం స్తోత్రం చెప్పింది. కూటం అయిపోయాక అత్త ఆ పిల్లను ఆపింది. "నీళ్ళు దేవుడియ్యి. వాళ్ళు వాటికి అడ్డం నిలబడ్డారు. అడ్డం నిలబడ్డోళ్ళకు స్తోత్రం ఎందుకే?" అన్నది. ఆమె గొంతులో అంత కరుకుదనం నేను అంతకు ముందు వినలేదు. అయితే ఆ ఊరివాళ్ళలోనే ఒక రైతు ఇంటి కోడలు ఒకరోజు నీళ్ళు పోస్తూ, "ఏమే పెద్దమ్మా, దగ్గు తగ్గిందా?" అని అడిగిందట. ఆ వారం కూటంలో అది వచ్చింది. "నీళ్ళు పోసినందుకు గాదు ప్రభువా. దగ్గు సంగతి అడిగినందుకు." ఆమె లెక్క అట్లా ఉండేది. మనసులో లేనిది నోటితో చెప్పదు. ఈ సంగతి నాకు తెలిసి కూడా తరువాత మర్చిపోయాను.

మిరపకాయల కోతలప్పుడు అత్త చేలో గట్టు దిగుతూ పడింది. తుంటి ఎముక విరిగింది. బండి మీద ఆసుపత్రికి తీసుకుపోయాం. ఈ వయసులో అతకడం కష్టమని, ఇంట్లో జాగ్రత్తగా చూసుకోమని చెప్పి పంపారు. ఆనాటి నుంచి మంచమే. ఎండలు ముదిరి, తగ్గి, తొలకరి కూడా దాటింది.

ఆ నెలలన్నీ ఎట్లా గడిచాయో వివరంగా రాయను. మంచాన పడ్డ మనిషిని చూసుకున్నవాళ్ళకు నేను చెప్పనక్కర లేదు. తెల్లవారకముందే నీళ్ళు. తరువాత ఆమెకు ఒళ్ళు తుడవడం, చీర మార్చడం, మంచం గుడ్డలు ఉతకడం. బిడ్డకు పాలు. పొయ్యి. బడి. మళ్ళీ నీళ్ళు. బట్ట కూడా కంట్రోలే కాబట్టి చీరలు దొరకలేదు. ఉన్న రెండింటిలో ఒకటి ఉతికి ఆరేలోపు రెండోది తడిసేది. సాయంత్రం అయ్యేసరికి చేతులు నావి కావనిపించేవి. బడిలో పలక మీద అక్షరం దిద్దిస్తూ దిద్దిస్తూ కునికేదాన్ని.

నడవలేని మనిషి కాబట్టి గురువారం కూటం మా ఇంట్లోనే పెట్టమన్నారు. ఆడవాళ్ళు వసారాలో చాపలు పరుచుకొనేవాళ్ళు. మంచం గుమ్మానికి దగ్గరగా జరిపేవాళ్ళం. అత్త వంతు వచ్చేది. కళ్ళు మూసుకొనేది.

చింతపండు ఇచ్చినామె. మంచం నులక బిగించి పోయిన మేస్త్రి. కొడుక్కు రైలు స్టేషన్లో మజ్జిగ పోసిన ఎవరో తెలియని మనిషి. చిన్నమ్మ అయితే ప్రతి వారమూ. అందరి పేర్లూ వచ్చేవి. నేను బిడ్డను ఎత్తుకొని గుమ్మంలో నిలబడి వినేదాన్ని. ఇప్పుడు వస్తుంది, ఇప్పుడు వస్తుంది అనుకొనేదాన్ని. "ఆమెన్" వచ్చేది. నా పేరు వచ్చేది కాదు.

నాకు ఏం కావాలి అని మీరడగవచ్చు. బంగారం కాదు, చీర కాదు. అంతమందికి చెప్పిన మాట, నలుగురిలో నాకూ ఒక్కసారి. అంతకు మించి ఏమీ లేదు. కాని ఆ ఒక్కటీ లేకపోవడం వల్ల మోస్తున్న కడవ రోజుకు రోజుకూ బరువైనట్టు ఉండేది. చేసిన పనంతా ఎవరూ చూడనట్టు, అసలు నేను చేయనట్టు అనిపించేది. ఇంకెన్నాళ్ళు చేయగలనో అని నాకే భయం వేసింది. మా ఆయన వచ్చినప్పుడు, మీ అక్కచెల్లెళ్ళు ఎవరన్నా ఉంటే మీ అమ్మను వాళ్ళ దగ్గరికి పంపేదాన్ని అని కూడా అన్నాను. ఆయనకు అక్కచెల్లెళ్ళు లేరని తెలిసే అన్నాను. ఆయన లేచి నీళ్ళకు కావడి తీసుకొని వెళ్ళాడు.

పోయిన గురువారం కూటం అయి అందరూ వెళ్ళాక చాపలు చుడుతున్నాను. ఇక ఆపుకోలేకపోయాను.

"అత్తా, ఒక మాట అడుగుతా."

"అడుగు."

"నిప్పిచ్చినోళ్ళను చెప్తావు, ఉప్పిచ్చినోళ్ళను చెప్తావు. మొహం తెలియని మనిషిని గూడా చెప్తావు. ఇన్ని నెలల్లో నా పేరు ఒక్కసారన్నా రాలేదు. ఎందుకని?"

బయట మేకలు ఇంటికి పోతున్నాయి. ఆ చప్పుడు పోయాక అత్త అడిగింది.

"కోపమొచ్చిందా?"

"కోపం గాదత్తా. అలిసిపోయాను."

"కూచో" అన్నది. నేను కూర్చోలేదు. చాప పట్టుకొనే నిలబడ్డాను.

"నువ్వు నాకు ఒళ్ళు తుడుస్తంటే నాకు మండుద్దే. నా చీర నువ్వు మారుస్తంటే చానా మండుద్ది. నీ మీద గాదు." కొంగుతో మొహం తుడుచుకున్నది. "అబద్దమెందుకు, నీ మీద గూడా. ఈ ఇంట్లో అందరికీ నేను చేశా. ఒకళ్ళ చేత చేయించుకోలా. ఇప్పుడు నా కోడలు, నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల, నన్ను పసిదాన్ని తిప్పినట్టు తిప్పుద్ది. కణిక ఇచ్చినోళ్ళకు చెప్పటం తేలికే. ఇంత చేసినోళ్ళకు నోరు రాదు. లోపల మంట పెట్టుకోని, పైకి కళ్ళు మూసుకోని స్తోత్రం అనమంటావా? ఆయనకు తెలీదా?"

నేను చాపను గోడకు ఆనించాను.

"రోజూ అడుగుతానే ఉన్నా ఆయన్ని" అన్నది. "నా కోడలి పేరు నా నోటికి తెప్పియ్యి సామీ అని. రాట్లేదే. ఏం చెయ్యను?"

నేను గోడకు ఆనుకొని నేల మీద కూలబడ్డాను. ఏడ్చాను. చాలాసేపు ఏడ్చాను. ఆమె ఆపలేదు. "కూతురులాంటిదానివి, నీకు చెప్పాల్నా" అని ఏదో ఒక తీపి మాట చెప్పి ఉంటే, ఆ పూటకు సంతోషించి మర్నాడు మళ్ళీ అలిసిపోయేదాన్ని. ఆమె అట్లాంటి మాట చెప్పలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఇన్నాళ్ళూ నేను ఒక్కదాన్నే కష్టపడుతున్నాననుకున్నాను. మంచం మీద ఆమె కూడా కష్టపడుతోంది. నా పేరు పలకడానికి రోజూ కష్టపడుతోంది. అది తెలిసి నాకు ఎందుకో గుండె తేలికపడింది.

"రానప్పుడు చెప్పబాకలే అత్తా" అన్నాను కళ్ళు తుడుచుకొని. "వచ్చినప్పుడే చెబుదువుగాని."

"నువ్వు గూడా పెద్దదానివయ్యావే" అన్నది. ఇద్దరం కాస్త నవ్వుకున్నాం.

సోమవారం పొద్దున, పనులన్నీ అయ్యి నేను బడికి బయలుదేరుతున్నాను. అప్పటికే ఆలస్యమైంది. అత్త పిలిచింది.

"ఇట్రా. మంచం కాడ కూచో."

"బడికి పొద్దుపోయిందత్తా."

"కూచోమంటంటే. ఆ జుట్టు చూడు, కాకి గూడు మాదిరి. పంతులమ్మవు గదా, పిల్లకాయలు చూస్తే నవ్వరూ?"

నా జుట్టు నేను సరిగా దువ్వుకొని ఎన్నాళ్ళయిందో. ముడి చుట్టుకొని పరుగెత్తడమే. ఒక మాట విసురుదామనుకొని, ఎందుకో ఊరుకొని, మంచానికి వీపు ఆనించి కింద కూర్చున్నాను. ఆమె ఒక పక్కకు ఒత్తిగిలి, మోచేతి మీద లేచింది. ఆ లేవడానికే ఎంత నొప్పి పడిందో నాకు ఊపిరి చప్పుడులో తెలిసింది. చిక్కులు తీసింది. దువ్వెన రెండుసార్లు జారి కింద పడితే తీసి ఇచ్చాను. మధ్యమధ్య ఆగి ఆయాసం తీర్చుకొనేది. బడి గంట వినబడింది. లేవబోయి, మళ్ళీ కూర్చున్నాను. నా తల ఇంకొకరి చేతుల్లో ఉండి ఎన్నాళ్ళయిందో. మెడ దగ్గర ఆ వణికే వేళ్ళు తగులుతుంటే కళ్ళు వాటంతట అవే మూతలు పడ్డాయి.

జడ చివర కట్టడానికి ఏమీ లేదు. తను కట్టుకున్న చీర కొంగు అంచు పంటితో కొరికి, సన్నగా చింపింది. "అయ్యో అత్తా, చీర" అన్నాను. "ఉండవే" అన్నది. ఆ పీలికతో కట్టి, గట్టిగా ముడి వేసింది.

నేను లేవబోయేలోపు నా తల వెనక నుంచి ఆ గొంతు వినబడింది. అది గురువారం కాదు. కూటం లేదు. వినడానికి పక్కన ఎవరూ లేరు.

"ప్రభువా, నా కోడలు ఇయాల నా ముందు కూచుంది. బడికి పొద్దుపోతన్నా లేవకుండా కూచోని, నా చేత జడ వేయించుకుంది. అందుకు స్తోత్రం."

నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆమె సిగ్గుపడుతుంది. "వస్తానత్తా" అని చెప్పి బడికి వెళ్ళాను.

ఆ మర్నాడే చిన్నమ్మ బడి దగ్గరికి వచ్చింది.

సమాధి దగ్గర నుంచి తిరిగి వచ్చాక ఆడవాళ్ళు కాగులో నీళ్ళు పెట్టి నన్ను తలకు పోసుకోమన్నారు. వాకిట్లో కూర్చున్నాను. చిన్నమ్మ వెనక నిలబడి జడ చూసి, "ఏందమ్మాయ్, ఇంత వంకరగా అల్లుకున్నావు" అంటూ విప్పబోయింది. ముడి గట్టిగా పడింది. ఆమె వేళ్ళకు రాలేదు. కొడవలి తెచ్చి కోస్తానన్నది. నేను జడను ముందుకు లాక్కొని, ఆ పీలికను రెండు చేతులతో పట్టుకొని కూర్చున్నాను. కాగులో నీళ్ళు చల్లారిపోతున్నా, లేవమని ఎవరూ అనలేదు.